ఆరో ఎలుక

బంగారు తల్లికి,

మీ అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, పిల్లలిద్దరూ క్షేమం. ఆ దీవిలో నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఈ క్షేమం మాట అలవాటుగా రాసింది కాదమ్మా, పిల్లల ఒళ్ళు ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుని మరీ రాశాను. చదువుతుంటే మధ్యలో ఎక్కడైనా గుండె ఝల్లుమంటే వెనక్కి వచ్చి ఈ మొదటి నాలుగు ముక్కలూ ఇంకోసారి చదువుకో.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని అనుకుంటావేమో. నా పెన్నులో ఇంకు అయిపోయింది. పిల్లల స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు "అంతా బాగున్నాం" అని పెట్టేశాను. నీ వెనక లైన్లో పదిమంది నిలబడి గొణుగుతుంటే, ఆ రెండు నిమిషాల్లో ఏమని చెప్పను? ఉత్తరమైతే పడవలో వచ్చిన సంచిలోంచి తీసుకుని, స్తంభం దిగాక, చేతిలో కరెంటు తీగలేవీ లేనప్పుడు చదువుతావు. అందుకే ఇన్ని రోజులు ఆగాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, బుడ్డోడి దగ్గు. తగ్గింది. ఛాతీకి చలి తగలకుండా మందపాటి గుడ్డతో వాడికో కోటు కుట్టాను. వాడు బొత్తాలు కొరుకుతాడు కాబట్టి మామూలువి పెట్టకుండా గుడ్డ బొత్తాలు చేసి కుట్టాను. లోపలివైపు చేతిరుమాలు పెట్టుకోవడానికి ఒక దొంగ జేబు కూడా పెట్టాను. పైనుంచి చూస్తే జేబున్నట్టే తెలియదు, అంత ముచ్చటగా కుదిరింది. దాన్ని వేసుకున్న దగ్గర్నుంచీ విప్పడం లేదు. స్నానానికి విప్పాలన్నా నాకూ వాడికీ కుస్తీయే.

రెండోది, కూరగాయలు తింటున్నాడా అని. తల్లీ, నీ కొడుకు నాలుగేళ్ళకే వకీలులా తయారయ్యాడు. "తిన్నావా?" అంటే "తిన్నా" అంటాడు. గంట పోయాక బుగ్గలోంచి కారెట్ ముక్క చెక్కు చెదరకుండా బయటికి తీస్తాడు. వాడి నోటి మాట నమ్మడం నేనూ పెద్దదీ ఎప్పుడో మానేశాం. ఈ సంగతి గుర్తుపెట్టుకో, ముందు పనికొస్తుంది.

మూడోది, కళ్ళ డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళానా అని. దానికి చివర్లో వస్తాను.

కూరగాయల్ని బొమ్మల్లా కోసి పెడితే పిల్లాడు తింటాడని రాశావు కదా. సరిగ్గా అప్పుడే సెలవుల ఆఖరి రోజు వచ్చింది. ఆ రోజు మన బిల్డింగువాళ్ళందరూ కింద హాల్లో కలిసి మధ్యాహ్నం భోంచేస్తారు కదా, ఇంటికో పదార్థం. ఎవరేం తేవాలో రెండో అంతస్తు లెక్కల టీచరు కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటిస్తుంది. ఈసారి మన వంతు పచ్చి కూరగాయల పళ్ళెం. పెద్దది ఎగిరి గంతేసింది. "అమ్మమ్మా, అడవి చేద్దాం!" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల, అంత సంబరపడుతుంటే కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

పొద్దున్నే మొదలుపెట్టాం. పెద్ద దోసకాయ నిలువునా చీల్చి నోరు కోసి మొసలిని చేశాం. అది కారెట్ నాలుక బయటపెట్టి అచ్చం మన ఇంటి ఓనరులా ఉంది. చిన్న టమాటాలు సగం దాకా చీలిస్తే మూడు ఎర్ర పురుగులయ్యాయి. గుండ్రటి ఎర్ర ముల్లంగులకు వేరు తోకలా ఎలాగూ ఉంది, రెండు చెవులు గుచ్చితే ఆరు ఎలుకలు. అడుగున క్యాబేజీ ఆకులు పరిచి అన్నిటినీ నిలబెట్టాం. బుడ్డోడు కుర్చీ ఎక్కి ఎలుకల్ని వేలితో నిమురుతూ "ఇది నాది, ఇది అక్కది" అని పంచుతున్నాడు. తినే ఉద్దేశం మాత్రం కనపడలేదు.

కళ్ళ దగ్గర వచ్చింది చిక్కు. చిన్న చిల్లు పొడిచి అందులో మిరియపు గింజ పెట్టాలనుకున్నాం. పెట్టినవి పెట్టినట్టే జారి కింద పడుతున్నాయి. భోజనాలకి గంట టైము కూడా లేదు. పెద్దదాని కింది పెదవి వణకడం మొదలైంది. "కళ్ళు లేకపోతే అవి కూరగాయల్లానే ఉంటాయి అమ్మమ్మా" అంది. నేను లేచి వెళ్ళి మిషను మీదున్న సూదుల దిండు తెచ్చాను. నల్ల పూస తలకాయ ఉండే నా పొడుగు గుండుసూదులు నీకు తెలుసు కదా. మొసలికి రెండు, ఎర్ర పురుగులకి ఆరు, ఎలుకలకి పన్నెండు. మొత్తం ఇరవై గుచ్చేసరికి అన్నీ ప్రాణం వచ్చినట్టు మమ్మల్నే చూస్తున్నాయి.

"సూదులా? తినేవాటిలోనా?" అంది పెద్దది.

"చూసినంతసేపే. వడ్డించే ముందు నా చేత్తో నేనే తీసేస్తాను. ముప్పై ఏళ్ళ నుంచి సూదులు లెక్కపెడుతున్నదాన్ని, నా లెక్క తప్పుతుందా?" అన్నాను.

అది నా మొహంలోకి ఒక క్షణం చూసి ఊరుకుంది. ఆ చూపు ఏమిటో నాకు తర్వాత అర్థమైంది.

నాకు పని నేర్పిన మాస్టరు పెట్టిన నియమం నీకు చిన్నప్పుడు కథలా చెప్పేదాన్ని. పొద్దున డబ్బాలోంచి తీసిన సూదులు ఎన్నో, సాయంత్రం డబ్బాలోకి వెళ్ళినవి అన్ని ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆ రోజు ఒక్క బట్ట కూడా షాపు దాటకూడదు. ఇన్నేళ్ళలో నేను కుట్టిన బట్ట వేసుకుని ఒక్కరూ "అబ్బా" అనలేదు. ఆ గర్వమే నన్ను ముంచింది.

హాల్లో మన పళ్ళెం చుట్టూ జనం మూగారు. బేకరీ ఆయన తాను తెచ్చిన కేకు పక్కకి జరిపి మరీ చోటిచ్చాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. పెద్దది మెడ నిక్కించి నిలబడింది. ఇక వడ్డిద్దామని టీచరు అనగానే నేను పళ్ళెం గోడవైపు తీసుకెళ్ళి, మణికట్టుకి కట్టుకున్న చిన్న సూదుల దిండులోకి ఒక్కొక్క సూదీ పీకి గుచ్చుకున్నాను. వేళ్ళతో తడుముతూ చకచకా తీసేశాను. ఇంకేమీ తగలకపోయేసరికి "కానివ్వండి" అన్నాను. టీచరు పళ్ళెం తీసుకుని పిల్లల బల్ల వైపు వెళ్ళింది.

అప్పుడు మణికట్టు మీద సూదులు లెక్కపెట్టాను. పద్దెనిమిది.

మళ్ళీ వేలితో ఒక్కొక్క పూసా తాకుతూ లెక్కపెట్టాను. పద్దెనిమిదే. 

ఇక్కడి నుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు తల్లీ. అయినా రాయాలి. ఆ క్షణంలో నేను "ఆగండి" అని అరవాలి. అరవలేదు. నోరు పెగల్లేదని చెబితే నువ్వు నమ్ముతావు, జాలి కూడా పడతావు. కానీ అది అబద్ధం. నోరు బాగానే ఉంది. నేను ఆలోచించాను. ఆ హాల్లో సగం మంది ఒంటి మీద ఉన్నవి నేను కుట్టిన బట్టలే. తిండిలో సూదులు పెట్టానంటే రేపు గుడ్డ తెచ్చి ఎవరిస్తారు? "ఎదురుగా ఉన్న సూది కనపడలేదా?" అని అడిగితే ఏం చెప్పను? అసలు గుచ్చింది పద్దెనిమిదేనేమో, ఇరవై అని నేనే పొరపడ్డానేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. టీచరు ఒకరి తర్వాత ఒకరికి నలుగురు పిల్లలకి వడ్డించేంతసేపు నేను నోరు మూసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

అటు చివర కూర్చున్న పెద్దది నన్నే చూస్తోందట. నా వేలు మణికట్టు మీద మూడోసారి తిరగడం చూసి కుర్చీ ఎక్కి నిలబడింది.

"ఎవ్వరూ తినకండి! నోట్లో ఉన్నది ఉమ్మేయండి! అందులో గుండుసూదులున్నాయి!"

హాల్లో ఒకటే గోల. ఉమ్మేయడాలు, ఏడుపులు, తల్లుల కేకలు. టీచరు నా దగ్గరికి వచ్చి "ఎన్ని?" అని ఒక్క మాట అడిగింది. "రెండు" అన్నాను. ఆవిడ పళ్ళాలన్నీ ఒకచోట చేర్చి, ప్రతి ముక్కనీ వేళ్ళతో చిదిమి చూసింది. పెద్దది పైకి పరిగెత్తి, సూదులు ఏరుకునే నా అయస్కాంతం తెచ్చింది. క్యాబేజీ ఆకుల మీద, బల్లల మీద, నేల మీద తిప్పాం. ఏమీ అంటలేదు.

"ఎలుకలు ఐదే ఉన్నాయి" అంది పెద్దది. "ఆరోది ఏది?"

అందరం బుడ్డోడి వైపు తిరిగాం. వాడి బుగ్గ ఉబ్బి ఉంది.  నోట్లో వేలు పెట్టి లాగితే నానిన రొట్టె ముక్క వచ్చింది.

"ఎలుకని తిన్నావా నాన్నా? అమ్మమ్మ ఏమీ అనదు, చెప్పు."

"తినలేదు" అన్నాడు.

"మరి ఎక్కడుంది?"

వాడు పెదవులు బిగించి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో అడ్డంగా తల ఊపాడు. పొట్ట పట్టుకున్నాడంటే నొప్పేనని అనుకున్నాం. తినలేదన్న మాట ఎవరు నమ్ముతారు? రోజూ తిననివి తిన్నానని చెప్పేవాడు, ఈరోజు తిన్నవి తినలేదని చెబుతున్నాడని అనుకున్నాం. టీచరు అప్పటికే టాక్సీ పిలిచింది, పెద్దదాన్నీ వెంటబెట్టుకుని నలుగురం ఎక్కాం.

దారిలో నేను వాణ్ణి ఒళ్ళో కదలకుండా పట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఆ రెండు సూదులూ వాడి లోపల ఎక్కడ గుచ్చుకుంటున్నాయోనని డ్రైవరుని మెల్లగా పోనిమ్మని బతిమాలాను. నీ మొహమే కళ్ళముందు మెదిలింది. మరో రెండు నెలలు సెలవు పెట్టకుండా గడిపితే నీ ఉద్యోగం ఖాయమవుతుందని పిల్లల్ని నా చేతుల్లో పెట్టి వెళ్ళావు. నీకేమని కబురు పెట్టను?

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఆవిడ బుడ్డోణ్ణి పడుకోబెట్టి కోటు విప్పబోయింది. వాడు గుక్కపట్టి ఏడుస్తూ గుంజుకున్నాడు. "కోటుకి ఇనుప బొత్తాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. "గుడ్డవేనమ్మా, నేనే కుట్టాను" అన్నాను. "సరే, ముందు ఇలాగే ఒకటి తీసేద్దాం, పిల్లాడు మరీ బెదిరిపోయాడు" అంది.

డాక్టరు ఆ బొమ్మ తెర మీద పెట్టి నన్ను పిలిచాడు. "ఇదిగోండి, ఇక్కడ, ఎడమవైపు పక్కటెముకల కింద. రెండూ కనపడుతున్నాయి కదా?" అన్నాడు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తల ఊపాను. "సర్జన్‌ని పిలిపిస్తాను. ఆపరేషన్ అవసరం పడొచ్చు, సంతకం చేసేవాళ్ళు ఎవరు?" అన్నాడు. తల్లీ, ఆ కాగితం మీద నీ బదులు నా చెయ్యి ఎలా పెట్టాలో తెలియక ఆ తెల్లగోడ పట్టుకుని నిలబడ్డాను.

"పక్కకి తిప్పి ఇంకొకటి తీయాలి. ఈసారి కోటు విప్పాల్సిందే" అని ఎక్స్‌రే ఆవిడ వాడి మొదటి బొత్తం విప్పింది.

"విప్పొద్దు! చచ్చిపోతుంది!" అని అరిచాడు బుడ్డోడు.

"ఏం చచ్చిపోతుంది నాన్నా?"

వాడు కోటు లోపలికి చెయ్యి పెట్టి, నేను అంత ముచ్చటగా కుట్టిన దొంగ జేబులోంచి, చేతిరుమాలులో చుట్టిన ముల్లంగి ఎలుకని బయటికి తీశాడు. ఒక చెవి ఊడింది, తోక వాడిపోయింది. రెండు కళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"నన్నే చూస్తోంది అమ్మమ్మా. చూస్తున్నదాన్ని ఎలా తింటారు?" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను ఎలుకని అందుకుని రెండు పూసలూ వేలితో తడిమి చూశాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. టీచరు మాత్రం ఏడ్చింది. అన్నేళ్ళు పిల్లల్ని ఏడిపించినావిడ ఏడవడం బిల్డింగులో ఎవరూ చూసి ఉండరు. డాక్టరు వాడికి మళ్ళీ కోటు లేకుండా ఫిల్ము తీయించి, ఏమీ లేదని తేల్చాడు. తర్వాత పాత ఫిల్ము నాకు చూపిస్తూ, "రెండూ పక్కపక్కనే బుద్ధిగా నిలబడ్డాయి, నాకప్పుడే అనుమానం రావాల్సింది. మీరూ చూశారు కదా, మీకేమీ అనిపించలేదా?" అన్నాడు.

అప్పుడన్నాను తల్లీ. టీచరు ముందు, పెద్దదాని ముందు. "నాకు కనపడలేదు బాబూ. మీరు చూపించినప్పుడు పొగ తప్ప ఏమీ కనపడలేదు. ఊరికే తల ఊపాను."

ఇదే నీ మూడో ప్రశ్నకి జవాబు. అప్పటిదాకా నేను కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇదివరకు వెళ్ళానని, అద్దాలు మార్చారని నీకు రాసిందంతా కట్టుకథ. ఎనిమిది నెలల నుంచి నాకు సూదిలో దారం ఎక్కించడం రావడం లేదు. కుడికన్ను దాదాపు పోయినట్టే, ఎడమకంటికి మంచు కమ్మినట్టుంటుంది. ఆ రోజు మిరియాలు నిలబడలేదని పిల్లలకి చెప్పాను. నిజానికి పొడిచిన చిల్లు ఎక్కడుందో నాకు కనపడలేదు. సూదైతే తడుముతూ గుచ్చొచ్చు, అందుకే సూదులు తెచ్చాను. పళ్ళెంలో ఒక ఎలుక తగ్గిన సంగతి కూడా నా చేతులకి తెలియలేదు. పెన్నులో ఇంకు కూడా ఉందమ్మా. సన్నగా రాస్తే నేను రాసింది నాకే కనపడదు.

నీకు చెబితే ఉద్యోగం వదిలి పరిగెత్తుకొస్తావని దాచాను. అది సగం నిజం. పనికిరానిదాన్నయ్యానని నీ నోట వినలేక దాచాను, ఇది మిగతా సగం.

ఇంటికొచ్చాక పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు అరవకపోతే నేను అరిచేదాన్నో కాదో నాకు తెలియదు" అని చెప్పాను. అది తలెత్తకుండానే అంది: 

"నువ్వు లెక్కపెట్టలేవని నాకు పొద్దున్నే తెలుసు అమ్మమ్మా. చెబుదామనుకున్నా. కానీ నీ కళ్ళ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నావు కదా."

అవునమ్మా, అన్నాను. ఎనిమిది నెలలుగా నా సూదుల్లో దారం ఎక్కించింది అది. నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించింది అది. "అమ్మకి మాత్రం రాయకు" అని ఒట్టు వేయించుకుంది నేను. నీకు వచ్చే దాని ఉత్తరాలు ఎందుకంత పొట్టిగా ఉంటున్నాయని ఒకసారి అడిగావు, బద్ధకమని రాశాను. బద్ధకం కాదు. ఏం రాస్తే ఏది బయటపడుతుందోనని దాని భయం. తొమ్మిదేళ్ళ పిల్ల చేత అంత బరువు మోయించాను. సూదుల సంగతి నువ్వు క్షమించినా ఇది క్షమించకు.

ఇప్పుడు నిజంగానే వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను, వచ్చే నెల పదకొండున కుడికంటికి ఆపరేషన్. శుక్లం ముదిరిందట, తీసేస్తే చూపు వస్తుందన్నారు. ఆ నాలుగు రోజులూ పిల్లల్ని తన దగ్గర ఉంచుకుంటానని టీచరు అంది. ఎక్కాలు అప్పజెప్పించుకుంటుందట, బుడ్డోడు ఇప్పటి నుంచే దగ్గడం మొదలుపెట్టాడు. షాపు మూసేశాను. బిల్డింగులో ఇద్దరు కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళారు, తప్పు పట్టను. మిగతావాళ్ళవి నేనే తిరిగి ఇచ్చాను, ఎందుకో చెప్పి మరీ ఇచ్చాను.

పిల్లల్ని నా దగ్గరే ఉంచుతావో, వచ్చి తీసుకెళతావో నువ్వూ అల్లుడుగారూ మాట్లాడుకోండి. ఏదైనా సరే, నా మొహం చూసి మాత్రం తేల్చకండి. వెనక్కొచ్చే పడవలో జవాబు పంపు.

బుడ్డోడి ఎలుక గ్లాసులో నీళ్ళ మధ్య కిటికీలో కూర్చుంది. సూదులు తీసేసి, దాని కళ్ళ చోట అక్క మిరియాలు పెట్టింది. మొదటిసారికే నిలబడ్డాయి. ఇరవై సూదులూ డబ్బాలోకి చేరాయి. లెక్కపెట్టింది నేను కాదు.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంటుంది. అది పెద్దది నీకు రాసింది. ఒట్టు వెనక్కి తీసుకున్నానని చెప్పగానే తలుపు వేసుకుని కూర్చుని రాసింది, నాలుగు పేజీలు. మడత పెట్టి నా చేతికిస్తూ "చదవనా అమ్మమ్మా?" అంది. వద్దన్నాను. అందులో నా గురించి ఏం రాసిందో నాకు తెలియదు. దాని కాగితం పైన పెట్టి, నాది కింద పెట్టి కవరు అంటిస్తున్నాను. ముందు దానిదే చదువు.

ఇట్లు,
నీ జవాబు కోసం కాచుకుని ఉండే
మీ అమ్మ